టీకాకు ఎందుకు వెనకాడతారు? ఆ కారణాలను కొలవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ నర్సింగ్, ప్రజారోగ్యం చదివే విద్యార్థుల కోసం, ఊళ్లలో సర్వేలు చేసే స్వచ్ఛంద సంస్థల వాళ్ల కోసం. ‘జనం టీకా ఎందుకు వేయించుకోవడం లేదో కనుక్కుని రండి’ అని చేతిలో ఫారాల కట్ట పెట్టి పంపినప్పుడు ఏం చెయ్యాలో తోచక మమ్మల్ని అడిగిన ప్రశ్నలివి. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబుంది. కొన్నిటికి కాస్త ఓపిక పట్టాలి.

టీకా సంకోచం అంటే ఏమిటి? టీకా వేయించుకోనివాళ్లంతా సంకోచించేవాళ్లేనా?

కాదు. అందరూ చేసే మొదటి పొరపాటు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఈ విషయం మీద ఒక నిపుణుల బృందాన్ని వేసింది. 2014లో ఆ బృందం ఇచ్చిన నిర్వచనం క్లుప్తంగా ఇది: టీకా సేవలు అందుబాటులో ఉన్నా ఆలస్యం చేయడం లేదా వద్దనడం. ‘అందుబాటులో ఉన్నా’ అన్న మాట కింద గీత గీసుకోండి. ఉపకేంద్రానికి మూడుసార్లు వెళ్లి, మందు రాలేదని తిరిగొచ్చిన తల్లిని సంకోచం ఖాతాలో రాస్తే, ప్రభుత్వం చేసిన తప్పును ఆమె మీద వేసినట్టే.

ఇంకో వైపు కూడా చూడాలి. అన్ని టీకాలూ వేళకు వేయించి, ప్రతిసారీ గుండె చేత్తో పట్టుకుని ఇంటికొచ్చేవాళ్లూ ఉంటారు. కార్డులో వాళ్లకు లోటు కనపడదు. ఊళ్లో ఒక పుకారు లేస్తే ముందు ఆగిపోయేది వాళ్లే. సంకోచం ఉండేది మనసులో, టీకా పడటం జరిగేది చేతల్లో. ఈ రెండిటినీ విడివిడిగా కొలవాలి.

ఎంతమందికి టీకా పడలేదో లెక్క ఉందిగా, కారణాలు కూడా ఎందుకు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 12–23 నెలల పిల్లల్లో అన్ని ప్రాథమిక టీకాలూ పడినవాళ్లు 2015–16లో 62 శాతం, 2019–21లో 76.4 శాతం. బాగానే పెరిగింది. మరి మిగిలిన పావు వంతు మంది సంగతి? వాళ్లలో వద్దన్నవాళ్లెవరు, మర్చిపోయినవాళ్లెవరు, పనికోసం బెంగళూరు వెళ్లిపోయినవాళ్లెవరు అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు.

దీనికి మన దేశంలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. దాన్ని నడిపించింది సుద్దముక్క. 2000 తర్వాత ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కలు వేస్తూ ఇంటింటికీ తిరిగిన బృందాలు ప్రతి ఇంటి గోడ మీదా ఒక గుర్తు వేసేవి. పిల్లలందరికీ చుక్కలు పడితే ‘పి’. ఒక్కరికైనా పడకపోతే ‘ఎక్స్’. అసలు తెలివంతా ఆ ఎక్స్ పక్కన రాసే అక్షరంలో ఉంది. ఇంటికి తాళం వేసుంటే ‘ఎల్’, పిల్లవాడికి ఒంట్లో బాగోలేకపోతే ‘ఎస్’, ఊరెళితే ‘వి’, వద్దని చెప్పేస్తే ‘ఆర్’. ఆ ఎక్స్ ఇళ్లకు తర్వాత ఇంకో బృందం వెళ్లేది.

తాళం ఉన్న ఇంటికి సాయంత్రం ఇంకోసారి వెళితే సరిపోతుంది. వద్దన్న ఇంటికి పదిసార్లు వెళ్లినా అదే మాట వింటారు, వాళ్లకు నచ్చిన మనిషి వెంట ఉంటే తప్ప. అందుకే యూనిసెఫ్ ఆధ్వర్యంలో ఆ వీధుల నుంచే ఆడవాళ్లను కార్యకర్తలుగా తీసుకున్నారు, మసీదుల పెద్దలతో మాట్లాడించారు. చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న పుకారు ఒక కారణం. ‘రోడ్డు లేదు, మురుగు కాలవ లేదు, జ్వరమొస్తే మందు లేదు, ఈ చుక్కలు మాత్రం నెలనెలా ఇంటికొస్తున్నాయేంటి?’ అన్న అనుమానం ఇంకో కారణం. రెండోదాన్ని మూఢనమ్మకం అనగలమా? నేనైతే అనలేను. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న మనకు పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది.

కారణాలను ఎలా విడదీస్తారు? ‘మూడు సీలు’, ‘అయిదు సీలు’ అంటున్నారు, అవేంటి?

పైన చెప్పిన నిపుణుల బృందం కారణాలను మూడు మూటలుగా కట్టింది. ఇంగ్లీషులో మూడూ సీ అక్షరంతో మొదలవుతాయి కాబట్టి ఆ పేరు. మన మాటల్లో భరోసా, నిర్లక్ష్యం, వీలు. 2018లో జర్మనీలో ఎర్ఫర్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్నీలియా బెట్ష్, ఆమె సహచరులు దీన్ని అయిదుకు పెంచి ఒక కొలమానం తయారుచేశారు. పూర్తి రూపంలో 15 ప్రశ్నలు, పొట్టి రూపంలో 5. పుస్తకం భాష పక్కన పెట్టి, ఇళ్ల ముందు వినిపించే మాటల్లో ఆ అయిదూ ఇలా ఉంటాయి.

‘ఆ మందు ఎక్కడిదో, ఏం కలిపారో!’ – ఇది భరోసా లేకపోవడం. మందు మీద, వేసేవాళ్ల మీద, తెచ్చిన ప్రభుత్వం మీద.

‘మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా, మేం బతకలేదా?’ – ఇది నిర్లక్ష్యం. అంటే బద్ధకం అనుకోకండి, జబ్బు భయం లేకపోవడం. తట్టు వచ్చి పిల్లలు పోయిన రోజులు చూసిన ముసలమ్మలు ఈ మాట అనరు. టీకా బాగా పనిచేసిన ఊళ్లోనే ఈ కారణం బలపడుతుంది, అదొక విచిత్రం.

‘నాట్ల రోజులండీ, ఒక పూట పోతే కూలి పోయినట్టే’ – ఇది వీలు కుదరకపోవడం. కోవిడ్ కాలంలో 2021 మే నెలలో 18–44 ఏళ్ల వాళ్లకు మొదట్లో కోవిన్‌లో ముందే నమోదు చేసుకోవాలన్నారు. స్మార్ట్‌ఫోన్ లేని మనిషి టీకా కోరుకున్నా స్లాట్ దొరకలేదు. అది మనసులోని అడ్డంకి కాదు, బయటి అడ్డంకి.

‘నలుగురిని అడిగి, యూట్యూబ్‌లో చూసి చెబుతాం’ – ఇది లెక్కలు వేసుకోవడం. లాభమెంత, నష్టమెంత అని తూచుకునేవాళ్లు. చదువుకున్న ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో ఇది ఎక్కువగా వినిపిస్తుంది.

‘ఊరందరికీ పడిందిగా, మావాడొక్కడికీ పడకపోతే ఏమవుతుంది?’ – ఇది పదిమంది పట్ల బాధ్యత లేకపోవడం. తట్టు లాంటి జబ్బుకు ఊళ్లో సుమారు 95 శాతం మందికి రక్షణ ఉంటే తప్ప వ్యాప్తి ఆగదు. ‘మావాడొక్కడు’ అనుకునే ఇళ్లు పాతిక ఉంటే చాలు, దారి తెరుచుకుంటుంది.

ఆ తర్వాత కొందరు పరిశోధకులు ఇంకో రెండు కలిపి ఏడు చేశారు: నిబంధనలకు లోబడటం, కుట్ర ఉందన్న నమ్మకం. మీ చిన్న సర్వేకు అన్నీ అక్కర్లేదు.

మరి ఏ ప్రశ్నావళి వాడాలి?

మీరు ఎవర్ని అడుగుతున్నారు అన్నదాన్ని బట్టి. చంటిపిల్లల తల్లిదండ్రుల కోసం అమెరికాలో సియాటిల్ పరిశోధకులు 2011లో తెచ్చిన 15 ప్రశ్నల సర్వే ఉంది. 0 నుంచి 100 మార్కులు, 50 గానీ ఆపైన గానీ వస్తే సంకోచం ఉన్నట్టు లెక్క. దేశాల మధ్య పోలికకు లండన్‌లో హైడీ లార్సన్ బృందం వాడే నాలుగు ప్రశ్నలున్నాయి: టీకాలు ముఖ్యమా, సురక్షితమా, పనిచేస్తాయా, మీ మతానికి సరిపడతాయా. 2016లో 67 దేశాల్లో ఇవి అడిగితే, టీకాలు సురక్షితం కావని ఎక్కువమంది అన్నది ఏ పేద దేశంలోనో కాదు, ఫ్రాన్స్‌లో. అక్కడ 41 శాతం. పాశ్చర్ పుట్టిన దేశం!

మన ఊళ్లకైతే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన సాధనాలతో మొదలుపెట్టమని నా సలహా. అందులో నాలుగు భాగాలు: మనిషి ఏమనుకుంటున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు ఏమంటున్నారు, వేయించుకోవాలని ఉందా, వెళ్లడానికి ఇబ్బందులేంటి. రెండో భాగం మనకు చాలా ముఖ్యం. టీకా గురించి తల్లికి అంతా తెలిసి ఉండొచ్చు, నిర్ణయం మాత్రం అత్తగారి చేతిలోనో, దుబాయ్‌లో ఉన్న భర్త ఫోన్‌లోనో ఉంటుంది. తల్లిని ఒక్కదాన్నే అడిగి రాసుకుంటే ఆ సంగతి ఫారంలోకి ఎక్కదు.

‘టీకాలు మంచివేనా?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలదా?

చాలదు. అందరూ మంచివే అంటారు. పొద్దున్నే నడవడం మంచిదేనా అని అడిగి చూడండి.

ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగులోకి అనువదిస్తే సరిపోతుందా?

మా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదటిది పేరు. ‘టీకా’ అంటే పత్రికలు చదివేవాళ్లకు తెలుసు. చాలా ఇళ్లలో అది ‘సూది’, పోలియో అయితే ‘చుక్కల మందు’. ‘మీ పాపకు టీకాలన్నీ వేయించారా?’ అంటే, సూదులు లెక్క చెప్పి చుక్కల మాట వదిలేసినవాళ్లున్నారు. ఇంకొందరు జ్వరానికి ఆర్‌ఎంపీ దగ్గర వేయించిన సూదిని కూడా కలిపి చెప్పారు.

రెండోది ‘కాదు’. అనువాదంలో ‘టీకాలు ప్రమాదకరం కాదు’ అన్న వాక్యం ఉందనుకోండి. దానికి ఒకావిడ ‘కాదు’ అంది. ఆ ‘కాదు’కి అర్థం ‘అవును, ప్రమాదకరం కాదు’ అనా, ‘మీరన్నది నిజం కాదు’ అనా? తెలుగులో రెండూ కుదురుతాయి. సర్వే చేసే అమ్మాయి తనకు తోచిన గడిలో టిక్కు పెడుతుంది. వంద ఫారాల్లో ఇలా జరిగితే మీ అంకె తలకిందులవుతుంది. అందుకే వ్యతిరేకార్థక వాక్యాలను మేం తీసేస్తాం. ‘టీకా వల్ల పిల్లలకు హాని జరుగుతుందని మీకు అనిపిస్తుందా?’ అని సూటిగా అడుగుతాం.

మూడోది ఒక వాక్యంలో రెండు సంగతులు. అయిదు సీల కొలమానంలో ఒక వాక్యం ఉంది: టీకాతో ఆపగలిగే జబ్బులు ఇప్పుడు పెద్దగా లేవు కాబట్టి టీకా అక్కర్లేదు అని. జబ్బులు తగ్గాయని ఒప్పుకుని, అయినా టీకా కావాలనేవాళ్లు దీనికి ఏం చెప్పాలి? ఇంగ్లీషులోనే ఇది ఇబ్బంది. తెలుగులో చదివి వినిపిస్తే, ‘కాబట్టి’ దాకా వచ్చేసరికి ఎదుటివాళ్లు మొదటి సగానికి తల ఊపేసి ఉంటారు.

నాలుగోది మెట్లు. ‘పూర్తిగా అంగీకరిస్తాను, కొంతవరకు అంగీకరిస్తాను, తటస్థం…’ ఇంట్లో ఎవరైనా ఇలా మాట్లాడతారా? ఏడు మెట్లలో అయిదోదా, ఆరోదా అంటే జనం మన మొహం చూస్తారు. మేం కొన్నిచోట్ల రూపాయి లెక్క వాడాం. ‘ఈ సూది మంచిదేనని మీ మనసుకు రూపాయిలో ఎంత అనిపిస్తుంది? పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా, నిండు రూపాయా?’ పెద్దవాళ్లు వెంటనే చెప్పేస్తారు. పావలా చూడని కుర్రాళ్లకు మాత్రం ఇది పనిచెయ్యదు, వాళ్లకు ఫోన్ ఛార్జింగ్ శాతం అడిగితే పట్టుకుంటారు. ఒక హెచ్చరిక: మెట్లు మార్చాక మీ అంకెలను వేరే దేశపు అంకెల పక్కన పెట్టి పోల్చకూడదు.

అనువాదం అయ్యాక దాన్ని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషు చేయించి సరిచూసుకోవడం మామూలు పద్ధతి. అది చెయ్యండి. కానీ దానికన్నా మంచిది, ఆరేడుగురిని కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్న చదివి, ‘నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండి’ అనడం. రెండు గంటల పని. మూడు నెలల ఏడుపు తప్పుతుంది.

క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నల మధ్య పొందికను చెప్పే అంకె) 0.8 వచ్చింది. ఇక కొలమానం సరైనదేనా?

మీ ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయని మాత్రమే దానర్థం. రోజూ కిలోకి యాభై గ్రాములు తక్కువ చూపించే తరాజు కూడా పొద్దున, సాయంత్రం ఒకేలా చూపిస్తుంది.

జనం నిజం చెబుతారా?

అడిగేదెవరు, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక సంఘటన చెబుతాను. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఓ తల్లిని అడుగుతున్నాం. ఒళ్లో అయిదు నెలల బాబు. కార్డులో ఆరు వారాల పెంటావాలెంట్ (అయిదు జబ్బులను ఆపే టీకా) పడింది, పదో వారం గడి ఖాళీ. ‘ఎందుకు వేయించలేదమ్మా?’ అంటే, ‘మర్చిపోయాం మేడం, వచ్చే వారం వేయిస్తాం’ అంది. గడపలో అత్తగారు నిలబడి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఫారంలో ‘మర్చిపోయారు’ దగ్గర టిక్కు పెట్టాం. పెన్ను మూసి, ఫారం సంచిలో పెట్టుకుని, మంచినీళ్లు తాగి లేచాం. ఆమె వీధి మలుపు దాకా మాతో వచ్చింది. అప్పుడు చెప్పింది: ‘మొదటిసారి వేయించాక రాత్రంతా జ్వరం, ఏడుపు. పొద్దున మా ఆయన పనికి పోలేకపోయాడు. మా అత్త నన్ను నానా మాటలూ అంది. మళ్లీ నేనేం మొహం పెట్టుకుని తీసుకెళ్లాలి మేడం?’

టీకా పడ్డాక ఒకట్రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే. ఆ మాట ముందే, అత్తగారి ఎదురుగానే నర్సమ్మ చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. కానీ ఫారం ప్రకారం ఆ ఇంటికి కావాల్సింది ‘గుర్తుచేసే మెసేజ్’. మెసేజ్ వచ్చినా ఆమె వెళ్లేది కాదు.

దీనికి కొన్ని జాగ్రత్తలున్నాయి. టీకా వేసే ఏఎన్‌ఎం చేతే సర్వే చేయించకండి, ఆమె మొహం మీద ఎవరూ మీ సూది మీద నమ్మకం లేదనరు. వీలైతే ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. కారణం ఒకటి చెప్పగానే ఆగిపోకుండా, ‘అదొక్కటేనా, ఇంకేమైనా ఉందా?’ అని ఇంకోసారి కదపండి.

గణాంకాల్లో ఒక ఉపాయం కూడా ఉంది, జాబితా పద్ధతి అంటారు. జనాన్ని చీటీలు తీసి రెండు గుంపులు చేస్తారు. మొదటి గుంపుకు మామూలు వాక్యాలు నాలుగు చదివి, ‘ఇందులో మీకు వర్తించేవి ఎన్నో చెప్పండి, ఏవో చెప్పక్కర్లేదు’ అంటారు. రెండో గుంపుకు అవే నాలుగుతో పాటు ‘మా ఇంట్లో ఒకరికి టీకా వద్దని చెప్పాను’ అన్నది అయిదోదిగా కలుపుతారు. మాటవరసకు మొదటి గుంపు సగటు 2.1, రెండో గుంపు సగటు 2.3 అనుకుందాం. ఆ తేడా 0.2, అంటే నూటికి ఇరవై మంది టీకా వద్దన్నారన్నమాట. ఎవరూ తమ గుట్టు విప్పలేదు, లెక్క మాత్రం బయటపడింది. చిక్కేంటంటే దీనికి చాలామంది కావాలి, పైగా వద్దన్నది ఎవరో, ఎందుకో ఇది చెప్పదు.

‘వేయించుకుంటాను’ అన్నవాళ్లంతా వేయించుకుంటారా?

లేదు. సంక్రాంతి తర్వాత సిగరెట్ మానేస్తానన్న మా బాబాయి ఇంకా తాగుతూనే ఉన్నాడు. అందుకే మంచి కొలమానాన్ని మాటతో కాకుండా చేతతో సరిచూస్తారు. సియాటిల్ సర్వే మంచిదని చెప్పడానికి ఆధారం అదే: తల్లిదండ్రుల మార్కులను పిల్లల టీకా రికార్డుల పక్కన పెట్టి చూస్తే, ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ల పిల్లలు ఎక్కువ రోజులు టీకా లేకుండా ఉన్నారు. మీ దగ్గర తల్లీబిడ్డల కార్డు ఉంటుంది. ‘పడిందా లేదా’ ఒక్కటే కాదు, పడాల్సిన తేదీకి ఎన్ని రోజులు ఆలస్యమైందో కూడా రాసుకోండి. సంకోచం చాలావరకు ‘వద్దు’ రూపంలో కాదు, ‘తర్వాత’ రూపంలో కనిపిస్తుంది.

ఎంతమందిని అడగాలి? ఎక్కువమంది అయితే మంచిదేగా?

ఎవర్ని అడిగామన్నది ఎంతమందిని అడిగామన్నదానికన్నా ముఖ్యం. అమెరికాలో 2021లో ఫేస్‌బుక్ ద్వారా వారానికి సుమారు 2.5 లక్షల మందిని అడిగిన పెద్ద సర్వే ఒకటి జరిగింది. మే నెలలో కనీసం ఒక డోసు వేసుకున్నవాళ్లు ఎంతమందో అసలు లెక్కతో పోలిస్తే, అది 17 శాతం పాయింట్లు ఎక్కువ చూపించింది. అదే సమయంలో వెయ్యి మందినే జాగ్రత్తగా ఎంచుకుని అడిగిన ఇంకో సర్వే అసలు లెక్కకు దగ్గరగా వచ్చింది. ఇదంతా ఆ ఏడాది చివర్లో నేచర్ పత్రికలో వచ్చింది. ఫేస్‌బుక్‌లో కనిపించి, సర్వేకు ఒప్పుకునేవాళ్లు మామూలు జనం లాంటివాళ్లు కాకపోవడమే అసలు చిక్కు. సాంబారు గిన్నె పైపైన ఎన్ని గరిటెలు తీసి చూసినా అడుగున పప్పు ఎంతుందో తెలియదు. కలిపి ఒక్క గరిటె చాలు.

వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పంపితే?

మీ గ్రూపు ఏమనుకుంటోందో తెలుస్తుంది.

2009లో ఖమ్మంలో జరిగినదాన్ని సంకోచం అనొచ్చా?

ఈ ప్రశ్న తెలంగాణ నుంచి తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి చేసిన ప్రాజెక్టు అది. గుజరాత్‌లోని వడోదరలో కూడా జరిగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

విచారణ కమిటీ తేల్చిందేమిటంటే, ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియాతో పోయారు. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా లేకపోయినా టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదన్నారు. వైద్యపరంగా చూస్తే కథ అక్కడితో అయిపోవాలి. కానీ అసలు గాయం వేరేచోట తగిలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక బయటపెట్టిన లెక్క చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. ఆశ్రమ పాఠశాలలో ఉన్న గిరిజన బాలిక తల్లిదండ్రులకు, తమ కూతురికి ఏ సూది వేశారో తెలియదు.

ఇప్పుడు ఆ ఊళ్లలో ఒక తండ్రి ‘మా అమ్మాయికి ఆ టీకా వద్దు’ అంటే, అయిదు సీల ఫారంలో ఆయనకు భరోసా మార్కులు తక్కువ వస్తాయి. ఆ ఫారం ఆయనలో లోపాన్ని చూపిస్తుంది. కానీ ఆయన లెక్క సరిగ్గానే వేశాడు, ఆయనకు జరిగినదాన్ని బట్టి. అందుకే నా అభిప్రాయం: ఏ కొలమానం వాడినా ‘ఇంతకు ముందు మిమ్మల్ని అడగకుండా ఏదైనా వైద్యం చేశారా?’ అన్న ప్రశ్న ఒకటి కలపాలి. దిగుమతి చేసుకున్న ప్రశ్నావళుల్లో నేను చూసినంతవరకు అది ఉండదు.

ఒకసారి కొలిస్తే ఎన్నేళ్లు పనికొస్తుంది?

ఒక్క వార్త వచ్చేదాకా. ఫిలిప్పీన్స్‌లో డెంగీ టీకా డెంగ్‌వాక్సియాను 8 లక్షలకు పైగా పిల్లలకు వేశాక, 2017 నవంబరులో తయారీ సంస్థ సనోఫీ ఒక ప్రకటన చేసింది: అంతకు ముందు డెంగీ రానివాళ్లకు ఈ టీకా వేస్తే, తర్వాత వచ్చే డెంగీ తీవ్రంగా ఉండొచ్చని. ఆ దేశంలో టీకాలు ముఖ్యమని గట్టిగా ఒప్పుకున్నవాళ్లు 2015లో 93 శాతం, 2018లో 32 శాతం. డెంగీ టీకాతో మొదలైన భయం అన్ని టీకాలకూ పాకింది. జపాన్‌లో 2013 జూన్‌లో ప్రభుత్వం హెచ్‌పీవీ టీకాను సిఫారసు చేయడం ఆపేస్తే, సుమారు 70 శాతం ఉన్న వాడకం ఒక శాతం లోపుకి పడిపోయింది. సిఫారసు మళ్లీ మొదలైంది 2022లో.

కాబట్టి పెద్ద సర్వే ఒకటి చేసి అయిదేళ్లు బీరువాలో పెట్టుకోవడం కన్నా, చిన్నది ఆరు నెలలకోసారి చేయడం మేలు.

అడగడం వల్లే లేని అనుమానం పుట్టదా?

పుడుతుంది. ‘టీకా వేస్తే పిల్లలు పుట్టరని మీరు నమ్ముతున్నారా?’ అని ఆ మాట ఎప్పుడూ విననివాళ్లను అడిగితే, సాయంత్రానికి నీళ్ల ట్యాంకు దగ్గర అదే కబురు: ‘ఆఫీసరు అమ్మే అడిగిందట, ఏదో ఉండే ఉంటుంది.’ ముందు ‘టీకాల గురించి ఈ మధ్య ఏమైనా విన్నారా?’ అని వదిలెయ్యండి. వాళ్ల నోట వస్తేనే రాసుకోండి. 2017లో తట్టు–రుబెల్లా టీకా కార్యక్రమం అప్పుడు దక్షిణాదిలో వాట్సాప్ పుకార్లు బాగా తిరిగాయి. ఫారాలు తిప్పి మనం కూడా వాటికి చేయి కలపక్కర్లేదు.

వచ్చిన మార్కులన్నీ కలిపి ఊరికి ఒక సగటు తీయొచ్చా?

తీయొద్దు. భరోసాలో 6, వీలులో 2 వచ్చిన ఊరికీ, భరోసాలో 2, వీలులో 6 వచ్చిన ఊరికీ సగటు ఒకటే, 4. మొదటి ఊరికి కావాల్సింది సాయంత్రం ఆరు గంటలకు తెరిచి ఉండే టీకా కేంద్రం. అక్కడికి మీరు మైకు పట్టుకుని అవగాహన సదస్సు పెడితే, జనం పాపం కుర్చీల్లో కూర్చుని వింటారు, తెల్లారి మళ్లీ కూలికి పోతారు. రెండో ఊరికి సాయంత్రం కేంద్రం తెరిచినా ఎవరూ రారు, అక్కడ ముందు ఎవరో కూర్చుని వాళ్ల మాట వినాలి. ఒక్కో కారణాన్ని ఒక్కో గీతగా చూపించండి.

మొదటిసారి చేస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టను?

ఫారంతో మొదలుపెట్టకండి. టీకాలు వేసే రోజు పొద్దున్నే అంగన్‌వాడీ కేంద్రంలో ఒక మూల కూర్చోండి. ఎవరొచ్చారో కాదు, ఆశా వర్కర్ చేతిలోని జాబితాలో ఎవరు రాలేదో చూడండి, మధ్యాహ్నం ఆమెతో పాటు ఆ ఇళ్లకు వెళ్లండి. ప్రశ్నలు ఆ తర్వాత రాసుకోవచ్చు. కాలేజీ తరఫున చేస్తుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. సమ్మతి మాట ఇంటివాళ్ల భాషలో చెప్పి, వద్దంటే నవ్వుతూ లేచి వచ్చెయ్యండి.

ఫారంలో ‘ఇతర కారణాలు’ గడి ఎంతుండాలి?

కనీసం నాలుగు లైన్లు. చాలా ఫారాల్లో వేలెడు గీత ఉంటుంది, అందులో ‘ఏమీ లేదు’ తప్ప ఇంకేమీ పట్టదు. ఒక ఊళ్లో ఆ గడి పెద్దది చేసి చూశాం. వరసగా తొమ్మిది ఫారాల్లో ఒకటే మాట వచ్చింది: ‘టీకాలు బుధవారం, మా సంత కూడా బుధవారమే.’